పాచికయు పెద్దమనిషియు

ఒకని యత్నము ఫలించినప్పుడు తెలుగున "వాని పాచిక పారినది" అందుము. ఫలింపనప్పుడు "పాచిక పారలేదు" అందుము. నిత్యము వాడు ఈ పలుకుబడిలోని వింతను మాత్రము గమనింపము. పాచిక అనునది చేతిని విడిచిన పిమ్మట వేసినవాని యిచ్ఛకు లోబడని వస్తువు. అట్టి వస్తువు మన నుడికారమున ఎత్తుగడకును పన్నాగమునకును పేరైనది. ఇది శకుని ప్రభావము కాబోలు. భారతము విన్న జాతికి పాచిక దానంతటదియే పడునన్న నమ్మకము ఏనాడో పోయినది.

ఈ మాట నాకు తట్టుటకు గత వేసవిలో జరిగిన ఒక చిన్న సంగతి కారణము. మా మేనల్లుడును వాని మిత్రులు ముగ్గురును విజయవాడలో మా యింటి డాబాపై నాలుగైదు సాయంకాలములు కూర్చుండి ఒక ఆటను కల్పింప పూనుకొనిరి. దానిని రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. బల్లచుట్టు నలుగురైదుగురు చేరుదురు. ఒక్కరు తప్ప తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. వేషము లేదు, రంగము లేదు; అంతయు నోటిమాటయే. "నేను తలుపు తీయుచున్నాను" అని ఒకడనును. తలుపు వెనుక నేమున్నదో ఆ మిగిలిన యొక్కడు చెప్పును. తలుపు తెరచుకొనునా లేదా అన్నది సందేహమైనచో పాచిక వేయుదురు. ఎవరును ముందుగా వ్రాయని కథ యొకటి అట్లు నడచును.

ఈ ఆటలు పెక్కింట రాక్షసులు, కోటలు, నిధులు ఉండును. మా వారికి అవి అక్కరలేదట. ఈనాటి కథ కావలెను, ఈ ఊరి కథ కావలెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరములు మునిగినవి గదా. ఆ రాత్రి ఒక మేడలో చిక్కుకొన్న నలుగురు మనుష్యులను వారు ఎన్నుకొనిరి. ఆ మిత్రులలో ఒక అమ్మాయి ఆ పేటలోనిదే, ఆ నీళ్లను చూచినదే. కథకు చోటు కుదిరినది గాని పాచిక కుదరలేదు. ఎన్ని ముఖముల పాచిక? ఒక్కటియా, రెండా, మూడా? దీనిపై వారు పడిన వాదము చూచి, వచనకవితకు లయ యున్నదా లేదా అని మేము రాత్రులు గడపిన కాలము నాకు జ్ఞప్తికి వచ్చినది.

నన్ను వారు పిలిచినది పేర్ల కొరకు. "మావయ్యా, కథ నడిపే మనిషిని తెలుగులో ఏమనాలి?" అని మేనల్లుడడిగెను. "సూత్రధారుడు" అని తడుముకొనకుండ చెప్పితిని. వాడు తల అడ్డముగా నూపి, "సూత్రధారుడి చేతిలో దారాలుంటాయి గదా మావయ్యా. ఇక్కడ ఎవరి దారాలు వాళ్ల దగ్గరే ఉంటాయి" అనెను. అనువాదకునికి ఇంతకంటె న్యాయమైన చీవాటు ఉండదు. పదము వెదకుటకై ఈ ఆట చరిత్రలోనికి పోయితిని.

మూలము ప్రష్యా సైన్యమున దొరకినది. 1812లో గేయోర్గ్ లియోపోల్డ్ ఫన్ రైస్విట్జ్ అను నతడు ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విల్హెల్మ్‌కు ఒక బల్లను సమర్పించెను. నదులు, కొండలు, గ్రామములు మలచిన పలకలను ఆ బల్లపై ఎట్లు కావలసిన అట్లు అమర్చి సేనలను నడపవచ్చును. రాజకుటుంబమునకు అది మంచి వినోదమైనది. రైస్విట్జ్ కుమారుడు ఫిరంగిదళమున అధికారి. అతడు తండ్రి బల్లను విడిచి, నిజమైన పటములవంటి పటములను పరచి, 1824లో నియమగ్రంథమును ప్రచురించెను. అతని ఆటలో రెండు పక్షములు ఒకరి సేనను ఒకరు చూడరు. ఇరువురును తమ యాజ్ఞలను వ్రాసి నడుమనున్నవానికి ఇత్తురు. అతడు పటముపై దిమ్మలను కదపి, ఎవరికి ఎంత కనబడునో అంతయే చూపును. ఒక్కొక్క పర్యాయము యుద్ధభూమిలో రెండు నిమిషములకు సమానము. తుపాకి యింత దూరమునుండి ఇందరిని కూల్చునని నిజమైన కాల్పుల ప్రయోగములను బట్టి పట్టికలు కట్టిరి. ఆ పట్టికలో ఏ వరుసను చదువవలెనో పాచిక చెప్పును.

ఇచ్చట పాచిక చేసిన పనిని గుర్తింపవలెను. అంతకు ముందు చదరంగమున బంటు తన దారిలోని ఎదుటి బలమును చంపవలెనన్న చంపును, సందేహము లేదు. నిజమైన యుద్ధమున గురిపెట్టిన గుండు తగులవచ్చును, తప్పవచ్చును. ఆ తప్పుటను బల్లమీదికి తెచ్చుటకు పాచిక వచ్చినది. జూదరి ఆశించు లాభముతో దీనికి సంబంధము లేదు. అనుభవజ్ఞుడైన సేనాని యెరిగిన అనిశ్చయమునకు ఇది కొలత. సైన్యాధిపతి మ్యూఫ్లింగ్ మొదట ఈ ఆటను చులకనగా చూచియు, ఆడి చూపగా మెచ్చి, దళములన్నింటికి సిఫారసు చేసెను. కల్పించినవానికి ఆ కీర్తి నిలువలేదు. చిన్న రైస్విట్జ్ 1827లో ఆత్మహత్య చేసికొనెను. 1870లో ఫ్రాన్సుపై ప్రష్యా గెలిచిన పిమ్మట తక్కిన దేశముల సేనలు ఈ ఆటను నేర్చుకొన మొదలిడినవి.

ఆ నడుమ నున్నవానికి రైస్విట్జ్ పెట్టిన పేరు ఫెర్‌ట్రౌటర్, అనగా ఇరుపక్షములును నమ్మినవాడు. ఈ మాటను నేను మేనల్లునికి చెప్పగా వాడు క్షణమాలోచించి "అయితే పెద్దమనిషే గదా మావయ్యా" అనెను. పొలముగట్టు తగవు తీర్చుటకు ఉభయులును పిలుచుకొను పెద్దమనిషి! నిఘంటువులు తిరుగవేయుచున్న నాకు ఆ మాట తోచలేదు. అది వారి నోటుబుక్కులోనికి ఎక్కినది.

పెద్దమనిషి ఉండగా పాచిక ఏల అను ప్రశ్న కూడ ప్రష్యాలోనే పుట్టినది. 1876లో యూలియస్ ఫన్ వెర్డీ దు వెర్న్వా అను సేనాని పట్టికలను, పాచికలను తొలగింపుమని వాదించెను. యుద్ధము చూచిన అధికారి నడుమ కూర్చుండి "నీ దళము వెనుకకు తగ్గినది" అన్నచో చాలును. లెక్కలతో ఆట నత్తనడక నడచుచున్నదని అతని ఆక్షేపణ. ఒక పక్షము పాచికను నమ్మును, ఒక పక్షము మనిషిని నమ్మును. నూటయేబది సంవత్సరములు కావచ్చినను ఈ తగవు తీరలేదు. మా డాబామీదను తీరలేదు.

అమెరికాలో ఛార్లెస్ టాటెన్ అను సైనికోద్యోగి 1880లో స్ట్రాటెగోస్ అను యుద్ధక్రీడాగ్రంథము ప్రచురించెను. ఇంగ్లండులో నవలాకారుడు హెచ్. జి. వెల్స్ 1913లో లిటిల్ వార్స్ అను పుస్తకమున పాచికలేని పద్ధతిని చెప్పెను. బొమ్మఫిరంగితో కొయ్యగుండును నిజముగా పేల్చి ఏ బొమ్మ పడునో చూచుటయే. 1950లలో యుద్ధక్రీడలు పెట్టెలలో అంగళ్లకు వచ్చినవి. ఇవన్నియు సేనల కథలు. సేనలోనుండి ఒక్క మనిషి వేరుపడి "నేను" అని పలికిన దినము మాత్రము 1969లో వచ్చినది.

అమెరికాలో మినెసోటా రాష్ట్రమున మినియాపొలిస్, సెయింట్ పాల్ అను జంటనగరములు కలవు. అచ్చటి యుద్ధక్రీడాభిమానులలో డేవిడ్ వెస్లీ ఒకడు. టాటెన్ పాతపుస్తకము అతని చేతబడినది. ఆటగాడు ఏమి చేయదలచినను చేయవచ్చును, అది పొసగునా లేదా అని నడుమనున్నవాడు తేల్చునను భావము అందులో అతనికి నచ్చినది. నెపోలియన్ కాలమున బ్రౌన్‌స్టయిన్ అను కల్పిత జర్మన్ పట్టణమును పెట్టి అతడొక ఆటను సిద్ధపరచెను. వచ్చినవారు ఎక్కువైరి, సేనలు రెండే. మిగిలినవారిని ఊరక కూర్చుండబెట్టలేక ఒకనికి పురాధ్యక్షుని పాత్ర, ఒకనికి బ్యాంకు యజమాని పాత్ర, ఒకనికి విశ్వవిద్యాలయాధిపతి పాత్ర ఇచ్చెను. వారు బల్లను విడిచి గదుల మూలలలో మంతనములు మొదలిడిరి. ఇద్దరు ద్వంద్వయుద్ధమునకు దిగిరి. దానికి నియమము లేదు. వెస్లీ అప్పటికప్పుడు పాచిక వేయించి తేల్చెను. సేనలు పట్టణమును చేరనే లేదు. ఆట చెడినదని వెస్లీ క్రుంగిపోయెను. ఆడినవారు మాత్రము మరల ఎప్పుడని అడుగుచు వచ్చిరి.

తరువాత వెస్లీ నడిపిన ఆటలలో ఒకటి లాటిన్ అమెరికాలోని ఒక కల్పిత చిన్నదేశమున, ఆధునిక కాలమున జరిగినది. అందులో డేవ్ ఆర్నెసన్ అను యువకుడు విద్యార్థి విప్లవనాయకుని పాత్ర ధరించెను. అతడు ఇంటివద్ద దొంగ గుర్తింపుపత్రములు సిద్ధపరచుకొని వచ్చి, తాను అమెరికా గూఢచారినని తోటివారిని నమ్మించెనట. పాచిక వేయకుండ, తుపాకి పేల్చకుండ, మాటతో గెలిచెను. అతనికి దొరకిన గెలుపు నియమములలో లేనిది.

ఈ ఆటల చరిత్ర చెప్పువారు సాధారణముగా 1974తో మొదలిడుదురు. ఆ యేట ఆర్నెసనును, విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను ఊరివాడైన గ్యారీ గైగాక్సును రచించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడెను. మూడు చిన్న పుస్తకములు, ఒక పెట్టె, తొలి ముద్రణ వేయి ప్రతులు. నేలమాళిగలు, భూతములు, మాంత్రికులు అందులోనివే. 1971లో ఆర్నెసన్ మొదలిడిన బ్లాక్‌మూర్ ఆట దానికి మాతృక. అందుచేత ఈ ప్రక్రియకు రాక్షసులే మూలమనియు, ఈనాటి జీవితమును అందులోనికి తెచ్చుట కొత్త పోకడయనియు పలువురు తలచుచున్నారు. కాలక్రమము వేరుగ ఉన్నది. చిన్నదేశపు విప్లవము ముందు, రాక్షసుడు వెనుక. మన నవల చరిత్రలో అద్భుతకథ ముందు, వాస్తవికత వెనుక అని చెప్పుటకు అలవాటుపడిన నాకు ఈ తారుమారు చాలసేపు ఆశ్చర్యము కలిగించినది.

పాచికల సంగతియు అట్టిదే. 4, 8, 12, 20 ముఖములుగల రంగురంగుల పాచికలు ఈ ఆటకు గుర్తుగా నిలిచినవి. ఏదో మాంత్రికుని సంచిలోనివని అనిపించును. గైగాక్స్ మిత్రమండలి వానిని తెప్పించినది మాత్రము పాఠశాలలకు గణితోపకరణములు అమ్ము వర్తకుల జాబితా నుండి. ఘనరూపములను పిల్లలకు చూపుటకు చేసినవి అవి. ఇది తెలిసి నవ్వుకొంటిని గాని, 20 ముఖములకు ప్రాచీనతయు లేకపోలేదు. గ్రీకు అక్షరములు చెక్కిన 20 ముఖముల పాచిక, ఈజిప్టులో దొరకినది, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున ఉన్నది.

ఇక మా పిల్లల తగవు. ఎన్ని పాచికలు అన్నది లెక్కల ప్రశ్నగా కనబడును. వినగా వినగా అది నవలాకారుని ప్రశ్నయని తేలినది. 20 ముఖముల పాచిక ఒక్కటి వేసినచో 1 పడుటకును, 10 పడుటకును, 20 పడుటకును సమానావకాశమే, నూటికి 5. ఆ లోకమున ఘోరపరాజయము, అఖండవిజయము, సామాన్యఫలము సమానముగా వచ్చుచుండును. వీరగాథకు అది తగును. ఆరుముఖముల పాచికలు మూడు కలిపి వేసినచో అవి 216 విధముల పడవచ్చును. వానిలో మొత్తము 3 వచ్చుట ఒక్క విధమే, 18 వచ్చుట ఒక్క విధమే. 10 వచ్చుట 27 విధములు, 11 వచ్చుటయు 27 విధములు. 9 నుండి 12 వరకు గల నాలుగు అంకెలే సుమారు సగము పర్యాయములు వచ్చును. అది మనమెరిగిన లోకము. గుమాస్తా దినదినము గుమాస్తా పనిని గుమాస్తావలెనే చేయును. ఎప్పుడో ఒకనాడు తప్పును. 1986లో స్టీవ్ జాక్సన్ అన్ని కాలములకు, అన్ని దేశములకు పనికివచ్చునట్లు గర్ప్స్ అను ఆటను కూర్చినప్పుడు ఈ మూడు పాచికలనే ఎన్నుకొనెను.

1981లో శాండీ పీటర్సన్ రచించిన కాల్ ఆఫ్ క్తుల్హులో నూటికింత అని నైపుణ్యమును వ్రాయుదురు. ఆ యంకెకు లోపల పడినచో పని యగును. మార్కులకు అలవాటుపడిన మన పిల్లలకు ఇది చెప్పకయే తెలియును. అందులోని విశేషము వేరొకటి. మనిషి దేహమునకువలె మనోస్థైర్యమునకును ఒక యంకె పెట్టి, భయంకరమును చూచినకొలది దానిని తరుగజేయుదురు. 1920ల నాటి సామాన్యజనులను పాత్రలుగ తీసికొన్నందువలన ఆ నియమము అవసరమైనది. కత్తిపట్టిన వీరునికి లేని బాధ గ్రంథాలయోద్యోగికి ఉండును గదా.

1986లో వచ్చిన ఘోస్ట్‌బస్టర్స్ ఆటలో నేర్పరికి ఎక్కువ పాచికలు, అనాడికి తక్కువ పాచికలు ఇచ్చు పద్ధతి కానవచ్చును. న్యూయార్కు వీథులలో జరుగు హాస్యకథ అది. 1989లో షాడోరన్, 1991లో వాంపైర్ ఈ పద్ధతిని మార్చి, అంకెలను కూడుట మాని, వేసినవానిలో ఎన్ని పాచికలు గెలిచినవో లెక్కించుట మొదలిడినవి. నాలుగు పాచికలలో ఒక్కటియైనను 6 పడునా అన్నచో 1296 విధములలో 671 విధముల పడును. అనగా సగముకంటె ఏ కొంచెమో ఎక్కువ. ఈ పందెమునే 17వ శతాబ్దమున షెవాలియే ద మేరే అను ఫ్రెంచి పెద్దమనిషి ప్రస్తావింపగా, 1654లో పాస్కల్, ఫెర్మాల నడుమ జరిగిన ఉత్తరములనుండి సంభావ్యతాశాస్త్రము పుట్టినది.

మా అక్కగారు ఇదంతయు వినుచు మెట్లమీద కూర్చుండి, "అష్టాచెమ్మా గవ్వలున్నాయి, తేనా?" అని అడిగినది. ఎవరును నవ్వలేదు. నాలుగు గవ్వలు వేసినచో వెల్లకిల పడినవి ఎన్ని అన్నదే అంకె. గవ్వ రెండువైపుల సమానముగ పడునని తలచినచో 16 విధములలో అన్నియు ఒకతీరున పడుట రెండు విధములే, రెండు రెండుగా పడుట ఆరు విధములు. అష్టాకును చెమ్మాకును మరల పందెము వేయు హక్కు ఇచ్చుటలో మన యిల్లాండ్రకు ఈ లెక్క తెలియునని స్పష్టమగుచున్నది. అయితే గవ్వ నాణెము కాదు. ఒక్కొక్క గవ్వకు ఒక్కొక్క బొజ్జ, ఒక్కొక్క వాలు. ఆ సాయంకాలమంతయు పిల్లలు వేసి వ్రాసికొని, రెండు వైపులు సమముగా లేవని తేల్చి, దిగులుతో గవ్వలను సంచిలో పెట్టిరి.

ఈ సమత్వము పాచికకు ఎప్పుడు వచ్చినదో చెప్పుట సులభము కాదు. మొహెంజొదారోలో దొరకిన మట్టిపాచికలు ఘనరూపమువే గాని, మన పాచికలవలె ఎదురెదురు ముఖములు కలిపి 7 కావు. 1కి ఎదురు 2, 3కు ఎదురు 4, 5కు ఎదురు 6 ఉన్నవి. ఋగ్వేదము పదవ మండలమున 34వ సూక్తములోని జూదరి దుఃఖమునకు కారణమైనవి ముఖములున్న పాచికలే కావు, విభీతకపు కాయలు. త్రిఫలములలోని తానికాయ అదియే. గుప్పెడు కాయలు తీసి నాలుగేసిగా విడదీయగా ఏమియు మిగులనిచో కృతము, మూడు మిగిలినచో త్రేత, రెండైనచో ద్వాపరము, ఒక్కటైనచో కలి అని పండితుల వివరణ. యుగముల పేర్లు ఇవే యగుట పాఠకులు ఎరుగనిది కాదు. అట్టి ఆటలో గెలుపు చేతి విసరుపై గాక, రాశిని చూచినంతనే లెక్కింపగల కంటిపై నిలుచును.

నలోపాఖ్యానమును ఈ దృష్టితో మరల చదివితిని. నన్నయ తెనిగించిన అరణ్యపర్వభాగమున అది మనకు చిరపరిచితము. ఋతుపర్ణుడు రథముపై పోవుచు విభీతకవృక్షమును చూచి కొమ్మలలోని ఆకులను, కాయలను లెక్క చెప్పును. సంస్కృతమూలమున రెండు కొమ్మల కాయలు 2095. బాహుకుడు నమ్మక దిగి, చెట్టు కూల్చి, లెక్కించి సరిచూచును. ఆ విద్యయే అక్షహృదయము. అది తెలిసినంతనే కలి నలుని విడిచి ఆ చెట్టునే ఆశ్రయించును. బాల్యమున దీనిని మంత్రమహిమగా వింటిమి. 1975లో ఇయన్ హేకింగ్ అను తత్త్వవేత్త సంభావ్యతాభావముల పుట్టుకపై వ్రాసిన గ్రంథమున ఈ కథను పేర్కొనుట చూచి సిగ్గుపడితిని. మన యింటి కథలోని లెక్కను ఇతరులు చూపవలసివచ్చినది. ఈ కథను ధర్మరాజుకు చెప్పిన బృహదశ్వుడు కడపట అతనికి అక్షహృదయమును ఉపదేశించును. ఆ విద్యతో ధర్మరాజు విరటుని కొలువున కంకుడను పేర పాచికలాడువాడుగా చేరెను. పాత్రధారణమును పాచికయు ఒకే మనిషియందు కలిసిన చోటు అది. ఆ కొలువుననే విరటుడు కోపించి పాచికతో కంకుని ముఖమును కొట్టి నెత్తురు తెప్పించెను. సత్యము చెప్పుచున్న ఆటగానిని సహింపలేని రాజు చేసిన పని.

గవ్వలు పోయిన పిమ్మట మా వారు రెండు ఆరుముఖముల పాచికలకు దిగిరి. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ దంపతులు అపోకలిప్స్ వరల్డ్ అను ఆటలో పెట్టిన పద్ధతి అది. రెండింటి మొత్తము 10 గాని అంతకు పైన గాని అయినచో అనుకొన్నది జరుగును. 6 గాని అంతకు లోపల గాని అయినచో చెడును. 7 మొదలు 9 వరకు పడినచో పని జరుగును గాని, ఏదియో ఒకటి కోలుపోవలెను. 36 విధములలో పూర్తి విజయము 6, చెడుట 15, ఈ నడుమ తెగ 15. అవును, కాదు అను రెంటికి నడుమ "అయింది గాని" అను దానికి ఇంత చోటు ఇచ్చిన నియమమును నేను ఎరుగను. కథకులుగా మనము బ్రదుకునది ఆ "గాని" మీదనే. ఆ పేటలోని అమ్మాయి, అంతవరకు మాటాడనిది, "ఇది సరిపోతుంది మాస్టారూ. ఆ రాత్రి అన్నీ ఇలాగే జరిగాయి. పడవ వచ్చింది, అందరికీ చోటు లేదు" అన్నది.

మొదటి పూట నన్నే పెద్దమనిషిగా కూర్చుండబెట్టిరి. నేను గొంతు సవరించుకొని, నీరు వీథిలోనుండి మొదటి మెట్టు ఎక్కినదని వర్ణింప మొదలిడితిని. అమ్మాయి ఆపినది. "మెట్ల మీంచి కాదు మాస్టారూ. ముందు స్నానాలగది తూములోంచి వచ్చింది." ఈనాటి కథను ఎన్నుకొనుటలోని చిక్కు ఇదియే. రాక్షసులదేశమున పెద్దమనిషి చెప్పినదే భూగోళము. సింగ్‌నగర్‌లో నలుగురికిని అతనికంటె ఎక్కువ తెలియును. పడవ ఎంత దూరము, ఫోను ఎన్ని గంటలు వెలుగును, మూడవ అంతస్తు కొళాయిలో నీరు ఎప్పుడు ఆగును, ఇవన్నియు వారికి కంఠస్థము. ప్రష్యా అధికారులకును ఇట్లే ఉండియుండును. వారి ఆటయు వారి నాటి తుపాకులతో, వారి నాటి గుఱ్ఱములతో ఆడినదే. కాబట్టియే రైస్విట్జ్ కాల్పుల లెక్కలు కట్టవలసివచ్చినది.

నియమముల ప్రకారము పాచికలు అందరికి కనబడునట్లు వేయవలెను. నేను వేయునవి మాత్రము చాటున వేయవచ్చునని ఈ ఆటలలో ఒక వాడుక ఉన్నది. పెండ్లిపత్రికల అట్టపెట్టె మూత ఒకటి నా ముందు నిలిపిరి. అమ్మాయి పాత్ర పదునాలుగేండ్ల బాలుడు. క్రింది యింటిలో మామ్మకు ఇన్సులిన్ మందు ఉండిపోయినది. అతడు చీకటిలో, నడుములోతు నీటిలో దిగెను. నేను మూత చాటున పాచికలు వేసితిని. రెండును ఒకట్లు.

"ఎనిమిది" అంటిని. మందు దొరకినది గాని చెప్పులు కొట్టుకొనిపోయినవని కథను అల్లితిని. ఆ నీళ్లను నిజముగా చూచిన పిల్లచేత ఒక పిల్లవానిని నీటిలో పోగొట్టించుటకు నాకు మనసు రాలేదు. వెర్డీ దు వెర్న్వా నన్ను సమర్థించియుండును. ఎవరును పలుకలేదు. కొంతసేపటికి అమ్మాయి, "రెండు పడింది మాస్టారూ. మూత పక్కనుంచి కనిపించింది" అన్నది. మరల వేసెదనంటిని. "వద్దు. రెండే ఉంచండి" అన్నది. మేనల్లుడు మూతను తీసి తలక్రిందుగా బల్లమీద పెట్టి పాచికలను అందులో వేసెను.

అప్పుడు చెప్పవలసినది నాకు మిగిలినది. రెండు పడినచో చెడునని నియమము చెప్పును. ఎట్లు చెడునో చెప్పదు. చాలసేపు ఊరకుంటిని. బాలుడు మెట్ల కమ్మీ పట్టుకొని నిలిచియున్నాడనియు, మందుల సంచి చేతికి తగిలి జారి, చీకటిలో నీటివెంట పోయినదనియు చెప్పితిని. అది నేను ముందు చెప్పిన చెప్పుల కథకంటె నిజమని అందరి ముఖములందు కనబడినది.

"ఇన్సులిన్ లేకుండా మామ్మ ఎన్ని గంటలుంటుంది?" అని అమ్మాయి అడిగినది. మాలో ఎవరికిని తెలియదు. మేనల్లుడు ఫోను తీసి వైద్యము చదువుచున్న స్నేహితునికి చేసెను. అతడు పలుకువరకు పాచికలు మూతలోనే ఉన్నవి.